బ్రౌను దొర జీవితము – తొలినాటి తెలుగు పత్రికల అచ్చక్షరముల గుర్తింపు

పాత తెలుగు పత్రికల పుటలు పరిశోధకుని చేతికి చెక్కుచెదరక వచ్చుట అరుదు. ముఖపత్రము చినిగి, సంచిక సంఖ్యయు, తేదియు, ముద్రాక్షరశాల పేరును పోయి, నడిమి పుటలు మాత్రము మిగులుట సామాన్యము. అట్టి పుట ఏ కాలమునాటిది, ఎచ్చట అచ్చైనది అను ప్రశ్నకు అందలి విషయమే సమాధానము చెప్పునని తలంచుట కలదు. కాని విషయము మోసపుచ్చును. ఒక పత్రికలోని వ్యాసమును మరియొక పత్రిక కొన్నియేండ్ల తరువాత పునర్ముద్రించి యుండవచ్చును. పాత సంగతి కొత్త పుటలోనికి ఎక్కి యుండవచ్చును. అక్షరము అట్లు కాదు. సీసపు అచ్చు ఏ మాతృకలో పోతపోయబడినదో ఆ మాతృక పోలిక దాని తలకట్టునందును, గుడియందును, ఒత్తునందును నిలిచి యుండును. ఆ పోలికను పట్టుకొనగలిగినచో పుట పుట్టుపూర్వోత్తరములు సగము తెలిసినట్లే.

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతమున దొరకు పాత కాగితముల విషయమున ఈ చిక్కు మరింత హెచ్చు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలోనిది. పలమనేరును, పుంగనూరు జమీయు, కుప్పము చేరియున్న కంగుంది జమీయు ఉత్తరార్కాటు జిల్లాలోనివి. తెలుగు, కన్నడము, అరవము కలియు ఈ సరిహద్దు సీమకు అచ్చుపుస్తకము చెన్నపట్టణము నుండి రావచ్చును, బళ్లారి నుండి రావచ్చును, బెంగుళూరు నుండియు రావచ్చును. తెలుగు కన్నడ లిపుల నడుమ నేడు కానవచ్చు స్పష్టమైన ఎడబాటు అచ్చు వచ్చిన పిమ్మట స్థిరపడినదే కావున, 19వ శతాబ్ది పూర్వార్ధపు పుటలో అక్షర రూపమునుబట్టి తావును నిర్ణయించుటకు పోల్చి చూచుకొనదగిన నమూనాలు కావలెను. ఆ నమూనాలు ఏ సంవత్సరమున, ఏ శాలలో అచ్చైనవో నిస్సందేహముగా తెలిసినవై యుండవలెను.

అట్టి నమూనాల వరుసను తెలుగువారికి విడిచిపోయినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆతడు అక్షరములు చెక్కినవాడు కాడు, అచ్చుకూటము నడపినవాడును కాడు. నిఘంటుకర్తగా, వేమన పద్యముల ప్రకాశకుడుగా, తాళపత్ర గ్రంథముల ఉద్ధారకుడుగా ఆతని కీర్తి సుస్థిరము. కాని 1827 మొదలు 1857 వరకు ముప్పదియేండ్లపాటు ఆతని పుస్తకములు చెన్నపట్టణమున పేరెన్నికగన్న ముద్రాక్షరశాలలలో వరుసగా అచ్చగుచు వచ్చెను. తెలుగు పత్రిక పుట్టి కాలు నిలద్రొక్కుకొన్న కాలమును ఇదియే. ఆతని జీవితమును అచ్చక్షరము వెంట నడచి చూచినవారు తక్కువ.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1800లో నెలకొల్పబడిన ఫోర్ట్ విలియం కళాశాలకు అధ్యక్షుడైన ప్రొవోస్టు. హీబ్రూ, అరబ్బీ, పారసీకము, హిందూస్థానీ మొదలగు భాషలు బాలునకు ఇంటనే అబ్బెను. ఈ కుటుంబము నివసించిన ఆల్డీన్ గృహము శ్రీరామపురము చెంతనే హుగ్లీ యొడ్డున ఉండెను. శ్రీరామపురము అనగా కేరీ, మార్షమన్, వార్డు అను ముగ్గురు మిషనరీలు 1800లో స్థాపించిన ముద్రణాలయపు తావు. కేరీ డేవిడ్ బ్రౌను అధ్యక్షత వహించిన కళాశాలలోనే వంగ సంస్కృత భాషల బోధకుడు. భారతీయ భాషల అచ్చక్షరములను ఒకదాని తరువాత ఒకటిగా చెక్కించి పోతపోయించిన కర్మాగారము అది. పంచానన కర్మకారుడును, ఆతని అల్లుడు మనోహరుడును ఆ విద్యలో నిపుణులు. తెలుగు అక్షరములును అందు చెక్కబడెను. 1812లో మూడు సువార్తల తెలుగు అనువాదమును, 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణమును అచ్చటనే అచ్చయ్యెను.

1812 మార్చి 11వ తేదీన శ్రీరామపుర ముద్రణాలయము అగ్నికి ఆహుతి అయ్యెను. కాగితము, వ్రాతప్రతులు, తెలుగు మొదలగు పలు భాషల అచ్చులు నశించెను. కాని ఉక్కున చెక్కిన మూలాక్షరములును, మాతృకలును బూడిదనుండి బయటపడుటచే కొలదికాలముననే అచ్చులు తిరిగి పోతపోసిరి. అచ్చులను గుర్తించువారు మరువరాని సంగతి ఇందొకటి కలదు. అచ్చు కరగినంతమాత్రమున అక్షర రూపము మారదు. మూలాక్షరము మారినప్పుడే మారును. ఒక శాల కాలిపోయినదనియో, చేతులు మారినదనియో చరిత్రలో చదివి, అంతటితో కొత్త అక్షరములు వచ్చి యుండునని ఊహించుట పొరపాటు. ఆ యేడు జూను నెలలో డేవిడ్ బ్రౌను మరణించెను. పదమూడేండ్ల చార్లెస్ కుటుంబముతో ఇంగ్లండు చేరి, కంపెనీ ఉద్యోగులకు శిక్షణ గరపు హెయిలీబరీ కళాశాలలో చదివెను.

1817 ఆగస్టులో ఆతడు చెన్నపట్టణమున అడుగిడెను. సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆతనికి తెలుగు గురువు. ఆ కళాశాల 1812లో ఏర్పడినది. దానికి సొంత ముద్రణాలయము ఉండెను. 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణము ఆ కాలపు విద్యార్థులకు ఆధారగ్రంథము; ఎల్లిసు దొర ద్రావిడ భాషలను గూర్చి వ్రాసిన పీఠిక గలది అదియే. ఇట్లు బ్రౌను తెలుగు నేర్చునాటికే తెలుగు అచ్చక్షరమునకు కనీసము మూడు పుట్టుకలు ఉండెను. 1746, 1747 సంవత్సరములలో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె నగరమున అచ్చొత్తించిన చిన్న మతగ్రంథముల అక్షరము మొదటిది. దానికి ఈ దేశమున సంతతి కలుగలేదు. రెండవది శ్రీరామపురపు అక్షరము. మూడవది చెన్నపట్టణపు అక్షరము. తరువాతి తెలుగు పత్రికలలో పెక్కింటికి చెన్నపట్టణమే పుట్టినిల్లు కావున వాని అక్షరములకు పూర్వరూపములను మొదట ఇచ్చటనే వెదకవలెను.

1820లో బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమితుడయ్యెను. మదనపల్లె సీమ నాడు ఆ జిల్లాలోనిదే. కచేరీలో రైతుల అర్జీలు, కరణముల లెక్కలు, వాఙ్మూలములు ఆతని కన్నులబడెను. అచ్చు పుస్తకమున నేర్చిన తెలుగు వేరు, గంటముతోడను కలముతోడను జనులు వ్రాయు తెలుగు వేరు అని ఆతడు గ్రహించుటకు ఈ కొలువే కారణమని చెప్పవచ్చును. 1822లో మచిలీపట్టణమునకును, 1825లో రాజమహేంద్రవరమునకును, 1826లో తిరిగి కడపకును మారెను. 1824లో దుబాయి పాదరీ గ్రంథమున వేమన ప్రస్తావన చదివి, ఆ పద్యముల ప్రతులను వెదకి తెప్పింప మొదలిడెను. తిప్పాభట్ల వేంకటశివ శాస్త్రియు, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యయు ఆతనికి ఛందస్సును కావ్యములను బోధించిరి. కడపలో ఇల్లు కొని, పండితులను, లేఖకులను తన వ్యయముతో పోషించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు తాళపత్ర ప్రతులు సేకరించి, పాఠములను పోల్చి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య ఈ పండితులలో ముఖ్యుడు. జీతము చాలక బ్రౌను అప్పులపాలయ్యెను.

తాటాకుపై గంటము నడక వేరు. నిలువు గీతయు, పొడవైన అడ్డగీతయు ఆకును చీల్చును గనుక లేఖకుడు గుండ్రని వంపులకే మొగ్గును. తెలుగక్షరపు గుండ్రదనమునకు ఇది ఒక హేతువని లిపిశాస్త్రజ్ఞులు చెప్పుట అందరు ఎరిగినదే. ఒకే లేఖకుని చేతి క్రింద ఒకే అక్షరము పుటకు పది విధములుగా మారును. అచ్చున అట్లు కాదు. అక్షరమునకు ఒక్కటే రూపము నిలువవలెను. ఆ ఒక్క రూపమును ఎన్నుకొనువాడు ఎవడు? చెక్కువాడా, పండితుడా, అచ్చు కూర్చువాడా? ఇది వ్యర్థప్రశ్న కాదు. ఏ గుర్తునకు అచ్చు పోతపోయుదురో అది తెలుగువారి పుటలోనికి వచ్చును. దేనికి పోయరో అది వాడుకలోనున్నను పుటనుండి తొలగిపోవును. బ్రౌను జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచుండెను.

1827లో ఆతని తెలుగు సంస్కృత ఛందోగ్రంథము కళాశాల ముద్రణాలయమున అచ్చయ్యెను. 1829లో అదే శాలనుండి వేమన పద్యములు 693, ఆంగ్లానువాదముతోను పదకోశముతోను వెలువడెను. వేమన కీర్తి చరిత్రలో ఈ గ్రంథపు స్థానమును గూర్చి పండితులు విపులముగా వ్రాసియున్నారు. అచ్చును శోధించువానికి దీని విలువ మరియొక విధమైనది. ఛందోగ్రంథమున సంస్కృత పదములును సంయుక్తాక్షరములును దట్టముగా వచ్చును. వేమన పద్యములు తేటతెలుగువి. అందు ద్విత్వములు హెచ్చు, క్లిష్టసంయుక్తములు తక్కువ. రెండు పుస్తకములను చేరువనుంచి చూచినచో ఆ శాలలో ఏయే ఒత్తులు విడి అచ్చులుగా ఉండెనో, ఏ సంయుక్తములు ఒకే దిమ్మెగా పోతపోయబడెనో తెలిసికొనుటకు వీలగును. తేదీలేని పుటను పోల్చుటకు ఇంతకన్న అనువైన జోడు ఆ దశకమున మరియొకటి దొరకుట కష్టము.

1830 తరువాతి కొన్నియేండ్లు బ్రౌనునకు కష్టకాలము. 1832–33 నాటి గుంటూరు కరువులో పనిచేసెను. 1834లో పదవి పోయెను. 1835 మొదలు 1838 వరకు లండనులో ఉండి, ఇండియా హౌసులో పడియున్న దాక్షిణాత్య వ్రాతప్రతులను పరిశీలించి, అవి తిరిగి చెన్నపట్టణము చేరుటకు పాటుపడెను. ఆతడు దేశమున లేని ఆ మూడేండ్లలోనే తెలుగు అచ్చు లోకము మారిపోయెను. 1835 నాటి చట్టము పత్రికలకు, ముద్రణాలయములకు ఉన్న కట్టుబాట్లను సడలించెను. ఆ యేడే బళ్లారినుండి సత్యదూత వెలువడినది. తెలుగు పత్రికలలో ఇదియే మొదటిదని పలువురు చరిత్రకారుల మతము. 1838లో మండిగల వేంకటరామ శాస్త్రి చెన్నపట్టణమున వృత్తాంతిని ప్రారంభించెను. 1842లో సయ్యద్ రహమతుల్లా వర్తమాన తరంగిణిని నెలకొల్పెను. కంపెనీ కళాశాలకును మిషనరీలకును పరిమితమై యుండిన తెలుగు అచ్చు దేశీయుల చేతికి వచ్చెను.

దీనివలన అచ్చులను గుర్తించు పని సుకరమైనదా, దుష్కరమైనదా? రెండును. ముద్రాక్షరశాల ప్రతిదియు అక్షరములను తానే చెక్కించుకొనలేదు. పోతశాల యొకటి పోసిన అచ్చులను నలుగురు కొనవచ్చును. కనుక అక్షర రూపము ఒక్కటే యైనంతమాత్రమున రెండు పత్రికలు ఒకే శాలలో అచ్చైనవని చెప్పరాదు. రూపము పోతశాలను తెలుపును. ముద్రాక్షరశాలను తెలుపునది దెబ్బతిన్న అచ్చు. విరిగిన కొమ్ము, నెరసిన తలకట్టు, పగులు పారిన సున్న – ఇట్టి గాయపడిన అచ్చు ఒకటి తేదీగల పుటలోను, తేదీలేని పుటలోను అదే విధముగా కనబడినచో అవి రెండును ఒక్క కేసునందలి అచ్చుతో కూర్చినవని నమ్మవచ్చును. ఒక్క అచ్చు చాలదు, నాలుగైదు దొరకవలెను. కాగితము మడత, సిరా లోపము గాయమువలె భ్రమ గొల్పును.

1838లో బ్రౌను చెన్నపట్టణమునకు తిరిగివచ్చి, ప్రభుత్వమునకు పారసీక భాషాంతరీకర్తగను, పిమ్మట తెలుగు భాషాంతరీకర్తగను, పోస్టుమాస్టరు జనరలుగను పనిచేసెను. ఈ పదునేడేండ్లు ఆతని ముద్రణ కృషికి పంటకాలము. 1839లో వేమన రెండవ కూర్పు, 1840లో తెలుగు వ్యాకరణము, 1844లో వసుచరిత్రము, 1851లో మనుచరిత్రము వెలువడెను. కావ్యములకు జూలూరి అప్పయ్య వ్యాఖ్యలు తోడయ్యెను. వ్యాకరణము వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రణాలయమున అచ్చైనది. ఈ శాల వంశవృక్షమును చిత్రమైనది. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొన్నప్పుడు ఫ్రెంచివారి అచ్చుయంత్రము చేజిక్కెను. దానిని చెన్నపట్టణమునకు తెచ్చి వేపేరిలో ఫాబ్రీషియసు పాదరీకి అప్పగించిరి. అచ్చటి ముద్రణకు అదియే నాంది.

వ్యాకరణము మొదలుకొని బ్రౌను అభిప్రాయము ఒకటి స్పష్టపడెను. అరసున్నయు, శకటరేఫమును వ్యాకర్తల గ్రంథములలో ఉన్నవే కాని జనుల వ్రాతలో లేవనియు, తాళపత్రములలో లేఖకులు వానిని పాటింపరనియు, అచ్చులో వానిని నిలుపుట అనవసరమనియు ఆతడు తలంచెను. వేలకొలది తాటాకులను చూచినవాని తలంపు ఇది. లాక్షణికులు దీనిని మెచ్చలేదు. పరవస్తు చిన్నయ సూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును వెలువరించెను. ఆతడు సొంత ముద్రణాలయమును కూడ నడపెను. సూరి మార్గమున అరసున్నయు శకటరేఫమును శిష్టలక్షణములుగా స్థిరపడి పాఠ్యపుస్తకములలోనికి, అందుండి పత్రికలలోనికి ప్రవేశించెను. బ్రౌను పక్షము నాటికి ఓడినది. వ్యావహారిక భాషోద్యమము వచ్చి పత్రికలనుండి అరసున్నను తొలగించుటకు మరి రెండు తరములు పట్టెను.

తేదీ నిర్ణయమున ఈ వివాదము ప్రత్యక్షముగా అడ్డువచ్చును. అరసున్న ఉన్నచో పాతది, లేనిచో కొత్తది అను నియమమును పలువురు తెలియకయే పాటింతురు. బ్రౌను పుస్తకములను చూచినవారు ఈ నియమమును నమ్మరాదు. 1850 ప్రాంతపు పుటలో అరసున్న లేకుండుటకు బ్రౌను వంటి ప్రకాశకుని సిద్ధాంతము కారణము కావచ్చును. అచ్చు కూర్చువాని కేసులో ఆ గుర్తు లేకుండుటయు కారణము కావచ్చును. వర్ణక్రమము వేరు, అచ్చక్షర రూపము వేరు. అరసున్న లేమి వర్ణక్రమమునకు చెందిన సంగతి. ఉన్న అరసున్న వంపు ఎట్టిది, అది అక్షరముల నడుమ ఏ యెత్తున కూర్చుండెను అనునవి మాత్రమే రూపమునకు చెందినవి. ఈ రెంటిని కలిపివేసిన వ్యాసములు తక్కువ కాదు.

వలపలగిలక ఇంతకన్న నమ్మదగిన సాక్షి. ధర్మము, సూర్యుడు మొదలగు మాటలలో రేఫను ముందు నిలిపి హల్లును ఒత్తుగా వ్రాయుట నేటి పద్ధతి. తొలినాటి అచ్చులో హల్లును నిలిపి, దానికి కుడివైపున 9 అంకెకు తెలుగువారు వ్రాయు గుర్తును పోలిన గిలకను ఉంచుట పరిపాటి. ఇది కేవల వర్ణక్రమము కాదు; దీనికై ప్రత్యేకమైన అచ్చు పోతపోయవలెను. దాని తోక పొడవు, పంక్తిలో దాని ఎత్తు, ముందరి హల్లుతో దాని ఎడము పోతశాలను బట్టి మారును. పుటలో అది తరచుగా వచ్చును గనుక పోలికకు సామగ్రి సమృద్ధి. తలకట్టు అక్షరమునకు అంటియున్నదా విడియున్నదా, గుడి ముగింపు లోనికి తిరిగినదా, దకార ధకారముల భేదము ఎట్లు చూపబడెను, క్షకారము ఒకే దిమ్మెయా – ఇవి తరువాత చూడదగినవి. అకారము, ఇకారము వంటి అచ్చులను మొదట చూచుట పలువురి అలవాటు. కాని అవి పుటలో అరుదుగా వచ్చును, రూపభేదమును అంతగా చూపవు.

బ్రౌను మహాకార్యమైన తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లో వేపేరి శాలనుండియే వెలువడెను. ఆంగ్ల–తెలుగు నిఘంటువు మరుసటి యేడును, మిశ్రభాషా నిఘంటువు 1854లోను పూర్తియయ్యెను. పదములకు ఆధారముగా కావ్యములను మాత్రమే గాక సంతలోని మాటను, కచేరీలోని మాటను, స్త్రీల మాటను గ్రహించిన నిఘంటువు ఇది. రేఫ శకటరేఫములను వేర్వేరు వర్ణములుగా విడదీయక ఒకేచోట చేర్చెను. అయినను అనవసరమని ఆతడు తలంచిన గుర్తులను తొలగించుటయే ఆతని పని అని భ్రమింపరాదు. జనుల ఉచ్చారణలో ఉండి వ్రాతలో లేని భేదమును చూపుటకు ఆతడు గుర్తును చేర్చుటకును వెనుదీయలేదు. దంత్యములైన చకార జకారములు తాలవ్యములనుండి వేరని చూపుటకు నిఘంటువున తలపై గుర్తుగల ౘ, ౙ లను వాడెను. చెవికి వినబడు భేదమునకు అచ్చు కావలెను, చెవికి వినబడని భేదమునకు అచ్చు అక్కరలేదు అనునది ఆతని పద్ధతిగా కానవచ్చును. ఆ రెండు గుర్తుగల అక్షరములు పత్రికలలో వ్యాపింపలేదు. అవి కనబడిన పుట నిఘంటువుకో, వ్యాకరణమునకో, పాఠ్యగ్రంథమునకో చెందినదని మొదట అనుమానింపవచ్చును.

నిఘంటువులో తెలుగక్షరము రోమను అక్షరముతో ఒకే పంక్తిలో నడచును. తెలుగున క్రింద ఒత్తు, పైన గుణింతము వచ్చుటచే పంక్తికి ఎత్తు హెచ్చు కావలెను; ఆంగ్లమునకు అంత అక్కరలేదు. రెంటిని పొందుపరచుటకు తెలుగు అచ్చు చిన్నదై యుండవలెను, చిన్నదైనను ఒత్తు చదువబడవలెను. పత్రికకు వచ్చిన కష్టమును ఇదియే. తక్కువ కాగితమున ఎక్కువ వార్త ఇముడవలెనన్నచో అక్షరము చిన్నది కావలెను. కావుననే తరువాతి పత్రికల అచ్చును వేమన పద్యముల పెద్ద అక్షరముతో గాక నిఘంటువు చిన్న అక్షరముతో పోల్చుట యుక్తము. పెద్ద అచ్చును చిన్న అచ్చుతో పోల్చి రెండును వేరు పోతశాలలవని తీర్మానించుట ఆరంభకుల పొరపాటు. ఒకే పోతశాల పరిమాణమునకొక రూపమును చెక్కించి యుండవచ్చును.

ఐరోపాలో 15వ శతాబ్ది ముద్రణలను ఇట్లే శోధించిరి. రాబర్టు ప్రాక్టరు 1898లో బ్రిటిషు మ్యూజియము గ్రంథములకు సిద్ధము చేసిన సూచికయందును, తరువాత జర్మనీలో కోన్రాడ్ హేబ్లరు కూర్చిన అచ్చుల జాబితాయందును, ముద్రాపకుని పేరులేని పుస్తకములను అక్షర రూపమును బట్టియు కొలతను బట్టియు వర్గీకరించిరి. ఇరువది పంక్తుల ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి అచ్చు పరిమాణమును నిర్ణయించుట వారి పద్ధతి. తెలుగు పత్రికలకు దీనిని ఉన్నది ఉన్నట్లు వర్తింపజేయరాదు. పంక్తుల నడుమ సీసపు రేకులు పెట్టి ఎడము కల్పించినచో కొలత హెచ్చును. తడిసి ఆరిన కాగితము కుంచించుకొనును. అట్టివేళ ఇరువది పంక్తుల కొలతతోపాటు, మాత్రాభేదము లేని ఒక మాట – మాటిమాటికి వచ్చు కలదు, అని, మరియు వంటి మాట – అడ్డముగా ఎంత వెడల్పున ఉండెనో పది తావుల కొలిచి సరాసరి చూచుట మేలు. ఒకే పేటి అచ్చులలో ఆ వెడల్పు అంతగా మారదు.

ఆరోగ్యము చెడి బ్రౌను 1855లో ఇంగ్లండు చేరెను. వ్యాకరణము రెండవ కూర్పు 1857లో వెలువడినప్పుడు ఆతడు చెన్నపట్టణమున లేడు. 1863లో కర్ణాటక కాలక్రమమును ప్రకటించెను. 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యెను. తన సాహిత్య జీవితమును గూర్చి చిన్న గ్రంథమును వ్రాసికొనెను. పెండ్లి లేదు, సంతతి లేదు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో మరణించెను. ఆతడు ఉద్యోగమున చేరిన నాటికి తెలుగున పత్రికయే లేదు. ఆతడు కన్నుమూయునాటికి ఆంధ్రభాషా సంజీవని, వివేకవర్ధని వంటి పత్రికలు వాదప్రతివాదములతో తెలుగు నాటిని కదలించి యుండెను. మరుసటి యేడు చెన్నపట్టణమున ఆంధ్రప్రకాశిక ప్రారంభమయ్యెను.

ఆతడు సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరి నేటికిని ఉపయోగపడుచున్నవి. ఆతని జాబులను, స్వీయచరిత్రమును బంగోరె వెలుగులోనికి తెచ్చెను. కడపలో ఆతడు నివసించిన బంగళా తావున జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషిచే ఆతని పేర గ్రంథాలయము వెలసెను. ఈ కృషియంతయు బ్రౌను సేకరించిన దానిని గూర్చియు, వ్రాసిన దానిని గూర్చియు జరిగినది. ఆతడు అచ్చొత్తించిన పుటలను అచ్చు దృష్టితో వరుసగా కొలిచి, అక్షరమక్షరముగా పట్టిక కట్టు పని ఇంకను జరుగవలసి యున్నది. దానికి పెద్ద సాధనములు అక్కరలేదు. భూతద్దము, మిల్లీమీటర్ల కొలబద్ద, ఓర్పు చాలును. అయితే మూలప్రతులే కావలెను. నేడు విరివిగా లభించు ఛాయాముద్రణలలో పరిమాణము మారి, సిరా పొంగి, సన్నగీతలు మూసికొనిపోవును. కంప్యూటరు తెరపై కానవచ్చు ప్రతులలోను పుట కొలత తెలిపినచోట్లనే కొలతలకు విలువ.

ఆరంభమునకు ఒక జోడు సిద్ధముగా ఉన్నది. 1852 నాటి తెలుగు–ఆంగ్ల నిఘంటువును యం. వేంకటరత్నము, డబ్ల్యు. హెచ్. క్యాంబెలు, కందుకూరి వీరేశలింగము పరిష్కరింపగా 1903లో చెన్నపట్టణమున తిరిగి అచ్చువేసిరి. ఒకే గ్రంథము, ఒకే నగరము, ఇంచుమించు అవే మాటలు. నడుమ ఏబదియొక్క యేండ్లు. మొదటి కూర్పునాటికి తెలుగు పత్రికలు వేళ్లపై లెక్కింపదగినవి. రెండవ కూర్పునకు ముందటి యేడే బందరున కృష్ణాపత్రిక పుట్టెను. రెండు కూర్పులలోని ఒక్కొక్క పుటను తెరచి, ఒకే పదము క్రింద వలపలగిలకను, క్షకారమును, తలకట్టును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, ఆ నడిమి కాలమున పేరుమాసిన పత్రికల పుటలు ఏ కొసకు దగ్గరగా నిలుచునో పోల్చుట మొదలిడవచ్చును.